గుమ్మడి మడి దగ్గరి పలక

కంపెనీ కాలనీల్లో తోటల ఉద్యోగానికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. అందరూ అడిగేది ఒక్కటే. "సార్, ఆ ఉప్పు నేలలో అంత పెద్ద గుమ్మడికాయలు ఎలా కాయించారు?" దానికి జవాబు చాలా చిన్నది. మడిని ముందు ఏడాదే తయారు చేసుకోవాలి, ఉప్పును పైకి రానివ్వకూడదు, కాయ ఊరే రోజుల్లో తేమ హెచ్చుతగ్గులు కాకూడదు. ఇంతే. ఇది తెలుసుకోవడానికి నాకు పాతికేళ్లు పట్టింది, మీకు పట్టక్కర్లేదు.

ఈ ఉద్యోగంలో మట్టికన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. దాని గురించి ఎవరూ అడగరు. నాకూ చెప్పబుద్ధి కాదు. కానీ అది వదిలేసి మిగతాదంతా చెబితే నేను మీకు సగం అబద్ధం చెప్పినట్టే, అందుకని రాస్తున్నాను.

హజీరా నేల

నేను సూరత్ దగ్గర హజీరాలో ఒక పెద్ద కర్మాగారం వారి కాలనీలో తోటల సూపర్‌వైజర్‌గా చేరాను, అక్కడే రిటైరయ్యాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల సంగతి రాయను. ఏ ప్రమోషనూ నాకు మట్టి గురించి ఒక్క ముక్క నేర్పలేదు.

అక్కడిది నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది. దానికి తోడు సముద్రం పక్కనే. బోరు నీళ్లు పెడితే నాలుగు రోజుల్లో మడి మీద తెల్లగా పూత కడుతుంది. ఆకుల అంచులు కాలినట్టు ఎండుతాయి. కొత్తవాళ్లు అది చూసి నీళ్లు చాలలేదనుకుని ఇంకా బోరు నీళ్లు పెడతారు. నేనూ పెట్టాను, మొదటి ఏడాది మొక్కలన్నీ నా చేతుల్లోనే చచ్చాయి. తర్వాత జిప్సం వేసి, మంచినీళ్లతో ఉప్పును కిందికి కడిగి, వానాకాలంలో పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ చల్లి పూతకు ముందే కలియదున్నించి, మూడేళ్లకు ఆ మడిని దారికి తెచ్చాను.

గుమ్మడికాయ గొడవ మా టౌన్‌షిప్ మేనేజర్ మెహతా సాబ్‌ది. ప్రతి ఏప్రిల్ మొదట్లో చుట్టుపక్కల కాలనీలన్నీ కలిసి పూలూ కూరగాయల పోటీ పెట్టుకునేవి. గులాబీలు ఎవరైనా తెస్తారు. తక్కెడ మీద నలుగురు మనుషులు ఎత్తి పెట్టే గుమ్మడికాయ తెచ్చిన కాలనీకే ఆ రోజంతా పేరు. మెహతా సాబ్ మంచివాడే, కోపం తక్కువ. కానీ ఆయన్ని సంతోషపెట్టాలనే ఆత్రం నాకెక్కువ. ఒక బాసును గురించి నేను చెప్పగలిగిన నిజం ఇదొక్కటే: ఆయన అడిగినదానికన్నా ఎక్కువ నేనే చేశాను, తర్వాత మనసులో తప్పు ఆయన మీదికి తోద్దామని చూశాను.

బార్డోలీ మడ్డి

పోశెట్టి నాకు దొరికింది నా తప్పు వల్లే.

బార్డోలీ చక్కెర మిల్లుల్లో చెరకు రసం వడగట్టాక నల్లటి మడ్డి మిగులుతుంది. నేలకు అంత మంచి మేత ఇంకొకటి లేదు. ఒక ఏడాది రెండు లారీలు తెప్పించి, వచ్చింది వచ్చినట్టే మడిలో వేయించాను. కుప్ప పైన చల్లగా ఉంది కాబట్టి మగ్గిందనుకున్నాను. కలుపు తీసేవాళ్లలో ఒక కొత్త మనిషి నా దగ్గరికొచ్చి, చుట్టూ అందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు.

"సార్, గిది ఇంక కాలుతున్నది లోపట. జర ఆగుండ్రి."

"నీకెట్లా తెలుసు?" అన్నాను. అతను నా పెదాలనే చూస్తున్నాడు. పక్కనున్నామె చెప్పింది, అతనికి వినపడదని. సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాల మధ్య ఇరవై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. చెవులు పోయాక మగ్గం తప్పిన చప్పుడు తెలియదని సేఠ్ మానిపించాడు.

అతను ఒక ఇనుప చువ్వ తెచ్చి కుప్పలోకి దిగ్గొట్టాడు. కాసేపాగి లాగి, నా చేతికిచ్చాడు. పట్టుకోలేక వదిలేశాను. అప్పటికే సగం మడికి వేసేశాం. ఆ ఏడాది మొక్కల వేళ్లన్నీ ఉడికిపోయాయి, పోటీకి మా వైపునుంచి బెండకాయలే వెళ్లాయి. మెహతా సాబ్ అడిగితే మడ్డి మంచిది కాదని మిల్లు మీదికి తోసేశాను. పోశెట్టి అక్కడే నిలబడి ఉన్నాడు. నేనేమన్నానో అతనికి వినపడలేదని ధైర్యం.

మరుసటి వారం అతన్ని కలుపు పని మాన్పించి గుమ్మడి మడికి పెట్టుకున్నాను. సిరిసిల్ల వైపు మనిషి. ఊళ్లో అయిదో తరగతి దాకా చదివాడు, తెలుగు కూడబలుక్కుని చదవగలడు. అందుకని ఒక పలక, బలపాల డబ్బా కొని మడి పక్కన పనిముట్ల గదిలో పెట్టాను. నేను రాసేది, అతను చదివి గట్టిగా జవాబు చెప్పేది. తొమ్మిదేళ్లు మా మాటలన్నీ ఆ పలక మీదే నడిచాయి.

మగ్గాలకు ముందు అతను నూలుకు గంజి పెట్టే చోట కూడా పనిచేశాడు. పోగుకు గంజి చాలిందో లేదో వేళ్లతో చెప్పే అలవాటు. అదే చెయ్యి మట్టికి పనికొచ్చింది. జానెడు లోతునుంచి పిడికెడు మట్టి తీసి పిసికేవాడు. ముద్దయి, కింద పడేస్తే మూడు ముక్కలైతే సరైన తేమ. వేళ్ల మధ్య మెరుస్తూ జారితే ఎక్కువ. ముద్ద కట్టకపోతే తక్కువ. ల్యాబు మీటర్లు నా బల్ల మీద రెండున్నాయి, అతని పిడికిలి ఉండగా నేను వాటి పెట్టె తెరిచింది తక్కువ.

పని పద్ధతి అతనిదే. మడిలో అడుగు పెట్టడానికి వీల్లేదు, అడ్డంగా వేసిన చెక్కల మీదే నడవాలి. కాలు పడితే నల్లమట్టి రాయిలా గట్టిపడుతుంది, వేరు దూరదు. తీగ పాకుతుంటే ప్రతి కణుపు మీదా మట్టి కప్పాలి, అక్కడ కొత్త వేళ్లు దిగుతాయి. తీగకు ఒక్క కాయే ఉంచాలి. కాయ కింద ఇసుక పరుపు. పైన ఎండ తగలకుండా గుడ్డ. ఆ గుడ్డ అతని భార్య లక్ష్మి కుట్టి పంపేది. ఉధ్నా పక్కనే డిండోలిలో అద్దె గదిలో కూర్చుని ఆమె చీరలకు చమ్కీలు అతికించేది. డ్యామేజీ కింద పారేసే కోరా గుడ్డ ముక్కలు అడిగి తెచ్చుకుని, నాలుగు మూలలా తాళ్లు పెట్టి కుట్టేది. వాళ్లకు ఒక్కతే కూతురు, స్వప్న. గుజరాతీ మీడియంలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు, రాయలేదు. తండ్రికి తెలుగు తప్ప ఇంకో అక్షరం రాదు. తండ్రీకూతుళ్లు ఎదురెదురుగా ఉంటే పెదాలు, చేతులు చూసుకుని మాట్లాడుకునేవారు. దూరంగా ఉంటే ఇద్దరికీ దారి లేదు.

గేటు

2020 మార్చికి మడిలో ఉన్న కాయ నేను చూసినవాటిలో అన్నిటికన్నా పెద్దది. రోజూ సాయంత్రం ఇద్దరం టేపు పట్టి మూడు వైపులా కొలిచేవాళ్లం. పోశెట్టి కాయ మీద అరచెయ్యి ఆనించి, "ఊరుతున్నది సార్, లోపట గుంజుకుంటున్నది" అని అరిచేవాడు. మెహతా సాబ్ రోజుకోసారి వచ్చి చూసి వెళ్లేవాడు.

అప్పుడు లాక్‌డౌన్ వచ్చింది. కాలనీలో ఒక నిబంధన పెట్టారు. కాంట్రాక్టు పనివాళ్లలో లోపల ఉండేవాళ్లకు ఖాళీగా ఉన్న హాస్టల్లో గది, మూడు పూటలా భోజనం. బయటికి వెళ్లినవాళ్లను లాక్‌డౌన్ ఎత్తేదాకా గేటు లోపలికి రానివ్వరు. తోటల విభాగం నుంచి నలుగురిని ఉంచుకోవచ్చన్నారు. మొదటి పేరు పోశెట్టిదే రాశాను.

అతను పలక మీద సంగతి చదివి తల గోక్కున్నాడు. "ఇరవై ఒక్క రోజులా సార్? ఇంటామెకు షుగరున్నది. కాలుకు పుండైంది."

పెద్ద పుండా అని రాశాను.

"చిన్నదే. చెప్పు కరిచింది." మడి వైపు చూశాడు. "గీ టైంల నీళ్లు తప్పితే కాయ పగులుతది, గది నిజమే."

నిజమే. కాయ చివరి దశలో ఊరేటప్పుడు ఒక పూట మడి ఎండి, మర్నాడు ఎక్కువ తడిస్తే, కాయ ఒక్కసారిగా నీళ్లు లాక్కుని నిలువునా పగిలిపోతుంది. అంతకుముందు రెండేళ్లు అలాగే పోయాయి. అతను లేకపోతే ఆ కాయ దక్కదని నేను గట్టిగా నమ్మాను. పోటీ రద్దు కాలేదు, కొద్దిగా వెనక్కి జరిగిందంతే అని మెహతా సాబ్ అన్నాడు. "రావ్ సాబ్, కద్దూ కో కుఛ్ నహీ హోనా చాహియే" అని, గుమ్మడికాయకేమీ కాకూడదని కూడా అన్నాడు. ఇంకో పదిహేను రోజుల్లో అంతా మామూలైపోతుందని అప్పుడు అందరం అనుకున్నాం. పోశెట్టి ఉండిపోయాడు.

రెండు ఫోన్లు

ఇంటి కబుర్లకు నా నంబరిచ్చాం. వాళ్ల ఇంట్లో ఉన్నది బొమ్మ కనిపించని చిన్న ఫోను. స్వప్న చేస్తుంది, నేను పలక మీద రాస్తాను, అతను చెప్పినది ఫోన్లో చెబుతాను. మొదటి వారం బియ్యం అందాయా, గ్యాసు ఉందా, ఇవే మాటలు.

రెండో వారం చివర్లో ఒక ఉదయం ఫోనొచ్చింది. నేను మడి దగ్గరే ఉన్నాను. పోశెట్టి చెక్క మీద గొంతుక్కూర్చుని కణుపులకు మట్టి కప్పుతున్నాడు.

"అంకుల్, మమ్మీ కా పైర్ బహుత్ సూజ్ గయా," అంది స్వప్న. "పాదం మొత్తం వాసింది. పప్పాను పంపించండి."

"డాక్టరుకు చూపించావా అమ్మా?"

"క్లినిక్ బంద్ ఉంది. పెద్ద దవాఖానకు పోదామంటే మమ్మీ వస్తలేదు. పప్పా వస్తేనే వస్తనంటుంది."

వెనకనుంచి లక్ష్మి ఫోను తీసుకుంది. "సారూ, దండం. ఆయనను జర పంపుండ్రి. గక్కడికి పోతే కరోనా అని ఏరే వార్డుల ఏస్తరంట, నేనొక్కదాన్ని పోను. నాకు భయమైతున్నది."

చెబుతానమ్మా, అన్నాను. ఫోను పెట్టేశాను. పోశెట్టి తల తిప్పి నన్నే చూస్తున్నాడు. టేపు ఆ ముందు సాయంత్రం ఎంత చెప్పిందో నాకు గుర్తుంది. ఇతను గేటు దాటితే మళ్లీ రాలేడు. లాక్‌డౌన్ ఎత్తడానికి ఇంకా ఆరు రోజులు. వాపే కదా, ఆరు రోజులకు ఏమవుతుంది అనుకున్నాను. పలక తీసుకుని రాశాను:

"ఇంట్లో బాగున్నారు. నీళ్లు తగ్గించు."

అతను చదివాడు. నా మొహం చూశాడు. మళ్లీ పలక చూశాడు. తర్వాత వెళ్లి నీళ్ల గొట్టం తిప్పు సగానికి కట్టేశాడు.

రెండో ఫోను మూడు రోజులకు. ఈసారి స్వప్న ఏడుస్తోంది. "అంకుల్, కాలు నల్లగైంది. వాసనొస్తుంది. పప్పాకు చెప్పారా? ఏమన్నడు?"

"వస్తాడమ్మా. నువ్వు ముందు నూటెనిమిదికి ఫోన్ చెయ్యి. అమ్మను ఒప్పించు," అన్నాను.

"ఏమన్నడు పప్పా?"

"వస్తానన్నాడు."

ఆ మాట నేను పుట్టించినది. ఆ రోజు పలక మీద ఏమీ రాయలేదు. పోశెట్టి దూరంగా గుడ్డ తాళ్లు బిగిస్తూ ఉన్నాడు, నా వైపు చూశాడో లేదో అప్పుడు నేను గమనించలేదు.

తర్వాతి రోజు చుట్టుపక్కల వాళ్లు లక్ష్మిని ఆసుపత్రికి చేర్చారు. విషం అప్పటికే ఒళ్లంతా పాకిందన్నారు. ఆమె ఆ మర్నాడు తెల్లవారే సరికి పోయింది. నాకు ఫోను చేసింది పక్కింటాయన. నేను పలక తీసుకున్నాను. "లక్ష్మికి సీరియస్‌గా ఉంది" అని రాశాను. అప్పుడు కూడా నిజం రాయలేకపోయాను.

పోశెట్టికి బయటికి వెళ్లే పాసు, కాలనీ జీపు, డ్రైవరు అన్నీ ఇరవై నిమిషాల్లో సిద్ధమయ్యాయి. మెహతా సాబ్ స్వయంగా సంతకం పెట్టాడు. "ముందే చెప్పి ఉంటే ముందే పంపేవాడిని కదా రావ్ సాబ్" అన్నాడు. అడిగితే పని ఇరవై నిమిషాలది. నేను అడగలేదు.

కాయ

కాయ ఏమైందని మీకు ఉంటుంది, మీరు తోట పనివాళ్లు కాబట్టి. పోశెట్టి వెళ్లాక నీళ్లు నేనే పెట్టాను. జానెడు లోతునుంచి మట్టి తీసి, అతను చేసినట్టే పిసికి చూసి పెట్టాను. కాయ పగల్లేదు. ఇంకో తొమ్మిది రోజులు ఊరింది. అతను లేకపోతే దక్కదని నేను ఎంత గట్టిగా నమ్మానో చెప్పాను కదా, అది తప్పు. తొమ్మిదేళ్లు పక్కన నిలబడి చూసిన నాకు ఆ మాత్రం పని వచ్చేసింది. నా చేతిని నేను నమ్ముకోలేదంతే.

పోటీ జరగలేదు. లాక్‌డౌన్ మళ్లీ పొడిగించారు. కాయను కోసి హాస్టల్ వంటింటికి పంపాం. అంత పెద్ద కాయల్లో నీళ్లే ఉంటాయి, రుచి ఉండదు. వంటవాళ్లు మసాలా దండిగా వేసి వండారు, అయినా చాలామంది ప్లేట్లలో వదిలేశారు. గుడ్డను మడతపెట్టి గదిలో పెట్టాను.

కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పగలిగినది చెబుతున్నాను. నేలకు ఏం కావాలో మనకు త్వరగానే తెలుస్తుంది. నేల మీద పనిచేసేవాడికి ఏం కావాలో కూడా తెలుస్తుంది. కాయ బాగా ఊరుతున్న వారంలో మాత్రం ఆ రెండోది తెలియనట్టు ఉండిపోవడం చాలా తేలిక. నేను చెడ్డవాణ్ణని మీరనుకుంటే కాదనను. కానీ ఆ వారం నేను రోజూలాగే భోంచేశాను, నిద్రపోయాను, నా పని నేను చేస్తున్నాననుకున్నాను. మీకు అదే వారం వస్తే గుర్తుపట్టాలని ఇది రాశాను.

డిండోలి

పోశెట్టి మళ్లీ పనికి రాలేదు. నేను వెళ్లలేదు. కరోనా అని ఒక సాకు, గేటు అని ఒక సాకు. మరుసటి ఏడాది రెండో వేవ్ తగ్గాక రిటైరయ్యాను. ఆ తర్వాత తోటలో పనిచేసే ఒకామె కనిపించి చెప్పింది, స్వప్న తండ్రితో మాట్లాడడం లేదని. ఒకే గదిలో ఉంటారు, వండి పెడుతుంది, మొహం చూడదు. నోరు కదలడం చూస్తే తప్ప అతనికి మాట అందదు కాబట్టి మొహం తిప్పేసుకుంటే చాలు. "ఫోన్ల చెప్పినా రాలే, గుమ్మడికాయ కాడ కూసున్నడు" అని అందరితో అంటుందట.

అది వినీ ఊరుకుంటే ఇక నేను మనిషిని కాదనిపించింది. కాగితం మీద జరిగినదంతా తెలుగులో రాసుకున్నాను. ముందు అతనికి చదివించి, తర్వాత పిల్లకు నోటితో చెబుదామని.

డిండోలిలో రెండో అంతస్తులో గది. పోశెట్టి బాగా చిక్కిపోయాడు. మళ్లీ ఉధ్నాలో గంజి పెట్టే చోటే పనికి కుదిరాడట. "రాండ్రి సార్, కూసోండ్రి" అని కుర్చీ తుడిచాడు. స్వప్న నాకు నమస్తే చెప్పి, తండ్రిని దాటుకుని లోపల పొయ్యి దగ్గరికి వెళ్లింది. నేను కాగితం ఇచ్చాను. అతను కిటికీ దగ్గర నిలబడి వేలు పెట్టి చదివాడు. చాలాసేపు పట్టింది. నేను రాసినది చిన్న ఉత్తరమే.

చదివి మడిచి నా చేతిలో పెట్టాడు.

"గిది నాకెర్కే సార్" అన్నాడు. ఎప్పటిలాగే గట్టిగా, గదంతా వినపడేలా. "ఆ దినం ఫోన్ల మాట్లాడుకుంట మీ మొఖం చూసిన. పలక మీద రాసింది చూసిన. రెండిటికి పొత్తు లేదు. చెవులు పోయినోన్ని, నాకు మొఖాలే దిక్కు."

లోపల స్వప్న ఉందని చేత్తో సైగ చేశాను. అతను ఆగలేదు.

"మూడొద్దులకు మల్ల ఫోనొచ్చింది. అప్పుడు మీరు నా దిక్కే చూడలే. ఏదో అయిందనుకున్న. అడుగుదామనుకున్న. అడిగితే మీరు చెప్తరు. చెప్తే నేను పోవాలె. మల్ల లోపలికి రానియ్యరు, కాయ పగులుతది. గసొంటి కాయ నా చేత మల్ల కాదనుకున్న. మీరు చెప్పలే, నేనడగలే. పాపం మీ ఒక్కలదే అని రాసిండ్రు. గట్ల రాయకుండ్రి."

స్వప్న గడపలో నిలబడి ఉంది, చేతిలో చాయ్ గ్లాసులున్నాయి. తండ్రికి ఆమె వచ్చినట్టు తెలియదు, వీపు అటు ఉంది. ఆమె గ్లాసులు కింద పెట్టి నా పక్కకొచ్చి నిలబడింది.

"అంకుల్, నాకు తెలుగు రాయడం రాదు. మీరు రాయండి," అంది. "మమ్మీ పిలిచిందని నీకు తెలుసా, తెలిసే రాలేదా. ఇంతే రాయండి. తక్కువ చెయ్యకండి, ఎక్కువ చెయ్యకండి."

కాగితం వెనక వైపు రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు. నా చేతిలోంచి ఆమే తీసుకుని తండ్రి భుజం తట్టి ఇచ్చింది.

పోశెట్టి వేలు పెట్టి చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత తలెత్తి కూతురి మొహంలోకి చూసి, అవునని తలూపాడు.